ఈ వయసులోనా?

"నేను దిగను," అంది సాయిప్రియ కారులోంచి.

ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. వాన తుంపర అద్దాల మీద జారుతోంది. వెనక సీట్లో, నెల కూడా నిండని పసిపిల్లను తువ్వాల్లో చుట్టి గుండెకు హత్తుకుని, సాయిప్రియ తన పుట్టింటి గుమ్మం వైపు రెప్ప వేయకుండా చూస్తోంది.

గుమ్మంలో ఆమె తల్లి నిలబడి ఉండాలి. నిలబడింది కూడా ఆ మనిషే. కానీ నడుం దాటే జడ లేదు. చీర లేదు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న నీలిచారల చొక్కా, నల్ల ప్యాంటు, చెంపల మీద సన్నగా మొలిచిన నూగు. నలభై తొమ్మిదేళ్ళు శారద అన్న పేరుకు పలికి, ఈ ఏడాదే తనకు తాను గిరి అని పేరు పెట్టుకున్న మనిషి.

గిరికి కాలు ముందుకూ పడలేదు, వెనక్కూ పడలేదు. ఎదురెళ్ళి పిల్లను అందుకోవాలని పొద్దుటి నుంచి ఎన్నిసార్లో చేతులు కడుక్కున్నాడు. ఆ చేతులు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

పక్కన గిరి అత్త బుల్లెమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని ఉంది. ఎనభైకి దగ్గరపడ్డ చేతులు. పళ్ళెం వణికి నీళ్ళు అంచు దాటి ఆమె చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి.

"ఉదయ్ బాబూ, ఆ ఇంజన్ ఆపయ్యా," అంది బుల్లెమ్మ. "పసిగుడ్డును వానల ఎంతసేపు కూసోపెడతరు?"

సాయిప్రియ భర్త ఉదయ్ భాస్కర్ కారు దిగాడు. గొడుగు చేతిలో ఉన్నా తెరవలేదు. గిరిని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు.

"అత్తయ్యా..." అని ఆగిపోయాడు. "ఇదేంది? కండక్టర్ డ్యూటీల అరిచి అరిచి గొంతు పోయిందన్నరు. దవాఖానాల మాస్కు పెట్టుకొని, తలకు స్కార్ఫు చుట్టుకొని దూరం నుంచే చూసి పోయిండ్రు. ఇదా సంగతి?"

"లోపలికి రండి. అన్నీ చెప్త," అన్నాడు గిరి.

ఫోన్లో విన్నది వేరు. ఎదురుగా ఆ బొంగురు గొంతు వినేసరికి సాయిప్రియ ముఖంలో ఉన్న కాస్త రక్తం కూడా ఇంకిపోయింది.

నెల తప్పిన కొత్తలోనే డాక్టరు ఆమెను ప్రయాణాలు చెయ్యొద్దంది. పుట్టింటికి రావలసిన పిల్ల ఖమ్మంలో అత్తవారింట్లోనే మంచం పట్టింది. గిరి మగ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది ఆ నెలల్లోనే. బిడ్డ క్షేమంగా బయటపడ్డాకే జుట్టు కత్తిరించుకున్నాడు. ఖమ్మం వెళ్ళి, కూతురి పక్కన కూర్చుని, నెమ్మదిగా చెప్పాలనుకున్నాడు. ఈలోగా వియ్యపురాలికి జ్వరం తగిలింది. పసిపిల్లకు అంటుకుంటుందేమోనన్న భయంతో, "మేం బయల్దేరుతున్నం" అని పొద్దున ఫోన్ చేసి పెట్టేసింది సాయిప్రియ.

ఫోన్ పెట్టాక గిరి బీరువా తెరిచాడు. మడత పెట్టి ఉన్న పాత చీర మీద చెయ్యి వేశాడు. చుట్టుకుని, కొంగు తల మీదకు లాక్కుంటే ఇవాళ్టికి గడిచిపోతుంది. కాసేపు అలాగే నిలబడి, తలుపు మూసేశాడు.

కారులో పిల్ల ఏడుపు అందుకుంది. వీధి చివర మైకు ఆటో ఒకటి, గోదావరి పెరుగుతోందనీ లోతట్టు వాళ్ళు జాగ్రత్తగా ఉండాలనీ అరుచుకుంటూ కరకట్ట వైపు పోయింది.

సాయిప్రియ దిగింది. బుల్లెమ్మ దిష్టి తీస్తున్నంతసేపూ తల వంచుకునే నిలబడింది. తర్వాత గిరి పక్క నుంచి, చొక్కా చెయ్యి తన భుజానికి తగలకుండా ఒదిగి, లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

*

"మా అమ్మకు ఏం చెప్పాలె?" వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు ఉదయ్ భాస్కర్. ఖమ్మంలో వాళ్ళది విత్తనాల దుకాణం. నలుగురు వచ్చిపోయే చోటు. "ఉయ్యాల ఫంక్షన్‌కు మావోళ్ళంతా వస్తరు. ఇక్కడే చేస్తమని మీరే అన్నరు."

"మీ అమ్మగారితో నేను మాట్లాడత."

"వద్దు వద్దు. ఈ గొంతుతో మీరు మాట్లాడితే ఇంకేమన్న ఉందా?" అతను గబుక్కున రెండు చేతులూ ఊపాడు. తర్వాత తనకే సిగ్గనిపించినట్టు కూర్చున్నాడు. "మిమ్మల్ని తక్కువ చేసి అంటలేను. నాకు అర్థమైతలేదు, అంతే. డిపోల తెలుసా?"

"మేనేజర్‌కు చెప్పిన. కాగితాలు నడుస్తున్నయ్. అప్పటిదాకా సెలవు పెట్టిన."

"అంటే అందరికీ తెలుసు. మాకే తెల్వదు."

గిరి లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

బుల్లెమ్మ పొయ్యి మీద బాలింతకు పత్యం వండుతోంది. వెల్లుల్లి కారం వాసన ఇల్లంతా కమ్ముకుంది. అతను వచ్చిన అలికిడి విని కూడా వెనక్కి తిరగలేదు.

"చెప్పిన కదా," అంది, గరిటె తిప్పుతూనే. "పిల్ల పురుడు పోసుకొని పోయేదాకా ఆగమని. మూడు నెలలు. అంతే కదా అడిగింది?"

"ఎన్ని మూడు నెలలు అత్తమ్మా?"

"ఏం, ఆగితే పానం పోతదా?"

గిరి గడపకు ఆనుకుని నిలబడ్డాడు. ముదిగొండ దగ్గరి ఊళ్ళో వ్యవసాయం వదిలి, కొడుకూ కోడలితో భద్రాచలం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది బుల్లెమ్మకు. కొడుకు వెంకటరామారావు గుండెపోటుతో పోయాక కూడా కోడలినే పట్టుకుని ఉంది. ఈ ఎనిమిది నెలల్లో గిరి గొంతు మారడం, నూగు రావడం అన్నీ ఒక్క ఇంట్లో ఉండి చూసింది. అదేమిటని ఒక్క మాట అడగలేదు. జుట్టు కత్తిరించుకుని వచ్చిన రోజు మాత్రం అన్నం మానేసింది.

"నాకు తెల్వదనుకున్నవా?" అంది ఉన్నట్టుండి. "నువ్వు కాపురానికొచ్చిన ఏడాదే తెలుసు. గేదె పాలు పితకబోతూ మావాడి చొక్కా తొడుక్కున్నవ్. చీర పాడైతదని అన్నవ్. పాలు పిండుడు అయినంక కూడా ఇప్పలే. కొట్టంల ఒక్కదానివే చేతులు మడుచుకొని, అద్దం ముందు నిలబడ్డట్టు గోడ ముందు నిలబడ్డవ్. నేను కిటికీల నుంచి చూసిన."

ఆ చొక్కా చెమట వాసన, గేదెల కొట్టం చీకటి ఒక్కసారిగా గిరి మీదికి వచ్చాయి.

"ఏమనలేదే మరి?"

"ఏమనాలె? దానికో పేరుందా అనడానికి? తెలిసే నోరు మూసుకున్న. నువ్వూ మూసుకుంటవనుకున్న."

"మూసుకున్న కదత్తమ్మా. ముప్పై ఏళ్ళు."

"మూసుకున్నదానివి ఇప్పుడెందుకు తెరిచినవ్? ఈ వయసుల?"

లోపలి గదిలోంచి సాయిప్రియ మూలుగు వినిపించింది. ఇద్దరూ ఆ మాట అక్కడే వదిలేసి పరుగెత్తారు.

*

రొమ్ములు గడ్డ కట్టాయి. ప్రయాణంలో పిల్ల సరిగా తాగలేదు. బుల్లెమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళింది. గిరిని గడప దగ్గరే ఆపేసింది సాయిప్రియ గొంతు.

"నువ్వు రాకు."

తలుపు దగ్గరికి వేశారు. గిరి బయట నేల మీద కూర్చున్నాడు. లోపల వేడి నీళ్ళ చప్పుడు, బుల్లెమ్మ ఆయాసం, పిల్ల ఏడుపు. బుల్లెమ్మ వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయినవి. తడిగుడ్డను ఆ చేతులు పిండలేవని అతనికి తెలుసు.

"అమ్మో, నానమ్మా, నొప్పి! వదిలెయ్!"

గిరి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. చివరికి తలుపుకు నోరు దగ్గరగా పెట్టి అన్నాడు.

"గట్టిగా ఒత్తొద్దత్తమ్మా. వేడి గుడ్డ వేసి చల్లారేదాకా ఉంచు. చంక వైపు నుంచి ముందుకు నెమ్మదిగా నిమురు. ముందు పిల్లకు గడ్డ ఉన్న వైపే పట్టించు. ఏడ్చినా పర్వాలేదు, పిల్ల తాగితేనే కరుగుతది."

లోపల గుడ్డను నీళ్ళలో ముంచిన చప్పుడైంది.

"నీకెట్ల తెలుసు?" అంది సాయిప్రియ, కోపంగా, ఏడుపు మధ్యలో. అడిగిన మరుక్షణమే ఆగిపోయింది.

గిరి తలుపుకు నుదురు ఆనించాడు. "నీకు పాలిచ్చింది ఎవరే?"

ఆ మగగొంతులో ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. కొంతసేపటికి పిల్ల ఏడుపు ఆగి, గుటకలు వేస్తున్న సన్నని చప్పుడు మొదలైంది.

తలుపు తెరుచుకుంది. బుల్లెమ్మ బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "నాతోటి కాదు. నువ్వే పో," అంది. అతని వైపు చూడకుండా దాటిపోయింది.

*

గిరి మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గుడ్డ పిండి ఇస్తున్నాడు. సాయిప్రియే అద్దుకుంటోంది. అతని చెయ్యి తగలనివ్వడం లేదు. పో అని కూడా అనడం లేదు.

"ఎప్పట్నుంచి?" అంది, గోడ వైపు చూస్తూ.

"నాకు గుర్తున్నప్పట్నుంచి."

"మరి ఇన్నేళ్ళు ఏం చేసినవ్? నిద్రపోయినవా? నేను పుట్టకముందు చేసుకోవాల్సింది. నాన్న ఉన్నప్పుడు చెప్పాల్సింది. యాభై ఏళ్ళు నెత్తిన పెట్టుకొని, ఈ వయసులోనా అమ్మా? నేను కడుపుతోని ఉన్నప్పుడే గుర్తొచ్చిందా?"

గుడ్డ లోంచి నీళ్ళు కారుతున్నాయి. గిరి దాన్ని మళ్ళీ పిండాడు. ఈ ప్రశ్నకు జవాబు నెలల తరబడి లోపల్లోపల చెప్పుకున్నాడు. బస్సుల్లో, నిద్ర పట్టని పక్క మీద, అద్దం ముందు. ఇప్పుడు దేనికీ తల దొరకడం లేదు.

"పెనుబల్లి దగ్గర మా ఊర్ల, చిన్నప్పుడు మా తమ్ముడి లాగు తొడుక్కొని వాగుకు పోయేదాన్ని," అన్నాడు. తనను గురించి పాత రోజులు చెప్పేటప్పుడు నోరు ఇంకా పాత దారినే పోతుంది. "మా నాయన చింతబరికెతోని కొట్టిండు. ఆడపిల్ల ఆడపిల్లలెక్క ఉండాలన్నడు. నాకేదో రోగం ఉందనుకున్న. ఎవరినన్న అడుగుదామంటే, ఏమని అడగాలె? దానికి మాట కూడా తెల్వదు. ఖమ్మం పోతే దుకాణాల ముందు చప్పట్లు కొట్టేటోళ్ళు కనపడేది. వాళ్ళు మగపిల్లలుగ పుట్టి ఆడోళ్ళయినోళ్ళు. ఇటు నుంచి అటు పోయినోణ్ణి ఒక్కణ్ణి చూడలేదు ప్రియా. లోకం మొత్తంల నేనొక్కణ్ణే గిట్ల ఉన్ననేమో అనుకున్న. ఒక్కడే ఉన్నోడికి తను తప్పనే అనిపిస్తది."

"నాన్నతో ఎట్ల ఉన్నవ్ మరి?"

"మీ నాన్న మంచోడు." గిరి గుడ్డను మళ్ళీ వేడి నీళ్ళలో ముంచాడు. "నాకు దోస్తు లెక్క. కండక్టర్ పోస్టులు పడితే నువ్వు రాయి అని ఫారం తెచ్చింది ఆయనే. ఊర్ల అందరూ నవ్వినా, బస్సుల అరిచే కొలువు ఆడదానికెందుకన్నా, ఆయన వెనక్కి తగ్గలే. ఖాకీ చొక్కా మొదటిసారి తొడుక్కున్న రోజు బాత్రూంల ఏడ్చిన. ఆయన బయట నిలబడి, భయమైతుందా అని అడిగిండు. అవ్ అని చెప్పిన."

"చెప్పి ఉండాల్సింది."

"అవ్. చెప్పి ఉండాల్సింది." గిరి పిండిన గుడ్డ ఆమెకు అందించాడు. "ఆయన పోయినప్పుడు ఆడోళ్ళంత నన్ను కూసోపెట్టి గాజులు పగలగొట్టిండ్రు కదా. నువ్వు నన్ను పట్టుకొని ఏడ్చినవ్. నేనూ ఏడుస్తనే ఉన్న. కానీ గాజులు పోయినంక చేతులు తేలికైనయ్. ఆయన శవం ఇంకా ఇంట్లనే ఉంది. నాకు ఒంటి మీద బరువు దిగినట్టయింది. ఆ పాపం ఎవరితోని చెప్పుకోవాలె? ఏడాదంత ఆ చేతుల మొహం చూడలేకపోయిన."

సాయిప్రియ మొదటిసారి తల తిప్పి అతని చేతుల వైపు చూసింది.

"తర్వాతన్నా?" అంది, గొంతు తగ్గించి.

అప్పుడు గిరి మోయిజ్ సంగతి చెప్పాడు.

చర్ల సంత రోజు. బస్సు కిక్కిరిసి ఉంది. దుమ్ముగూడెం దాటాక, టోపీ పెట్టుకున్న ఓ ముసలాయన ముందు సీట్లో కూర్చున్న కుర్రవాణ్ణి తేరిపార చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చక్కగా కత్తిరించిన గడ్డం. ఒళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసే సామాన్ల సంచి.

"నువ్వు ఖమ్మం అజ్మత్ బీ కూతురివి కదా? ఫరహావు కదా?" అని బస్సంతా వినేలా అడిగాడు ముసలాయన.

బస్సులో మాటలు ఆగిపోయాయి. టికెట్ మిషన్ పట్టుకున్న గిరి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

కుర్రవాడు తల ఎత్తాడు. "అజ్మత్ బీ పిల్లనే చాచా. ఇప్పుడు కొడుకును. మోయిజ్ అంటరు."

ముసలాయన నోరు తెరిచి చాలాసేపు చూశాడు. గొడవవుతుందని గిరి అనుకున్నాడు. బస్సు ఆపమని డ్రైవర్‌కు చెప్పాలేమో అనుకున్నాడు.

"మీ అమ్మ పానం బాగుందా?" అన్నాడు ముసలాయన.

"బాగుంది చాచా. మిమ్మల్ని యాది చేస్తది."

అంతే. బస్సు ముందుకు పోయింది. సంత మేకలు అరిచాయి. ఎవరో వెనక నుంచి టికెట్ అడిగారు. ఆకాశం విరిగి ఎవరి మీదా పడలేదు.

చర్లలో అందరూ దిగాక గిరి ఆ కుర్రవాడి వెంట టీ కొట్టు దాకా నడిచాడు. "బాబూ, ఒక మాట అడగొచ్చా?" అన్నాడు. మోయిజ్ ఆ కండక్టరమ్మ ఖాకీ చొక్కా వైపు, బిగించి కట్టిన జడ వైపు, టికెట్ మిషన్‌ను వదలని చేతుల వైపు చూశాడు.

"మీ కోసమేనా మేడం?" అన్నాడు మెల్లగా.

"నా కోసమే."

నలభై ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. బల్ల మీద కూర్చోబోయి, పక్కన వాళ్ళ టీ గ్లాసు తన్నేశాడు.

"అది మూడేళ్ళ కింద," అంది సాయిప్రియ. లెక్క వేసుకున్నట్టుంది. "నా పెళ్ళికి ముందు."

"నీ సంబంధం ఆ నెలనే కుదిరింది. పెళ్ళిల తల్లి లేకుంటే ఎట్ల అనుకున్న. పెళ్ళి కానీ అనుకున్న. తర్వాత నీ బీఈడీ అయిపోనీ అనుకున్న. తర్వాత మీ నానమ్మ కంటి ఆపరేషన్. ప్రతిసారి ఈ ఒక్కటి కానీ అనుకున్న. దేనికదే న్యాయంగనే కనపడేది. గట్లనే ఇన్నేళ్ళు పోయినయ్ ప్రియా, ఒక్కటొక్కటిగ. ఏ ఒక్క రోజు కూడా నేను వద్దనుకోలే."

"మరి ఆగలేకపోయిందెందుకు?"

"పోయిన వానాకాలం బస్సు జారింది, గుర్తుందా?"

ఆమెకు గుర్తుంది. వెంకటాపురం దారిలో, అడవి మధ్య, చెట్టు కూలి అడ్డం పడితే తప్పించబోయి బస్సు కందకం వైపు ఒరిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో అదే చెప్పాడు గిరి, నవ్వుతూ.

"అందరినీ దింపి చివరకు నేనున్న. బస్సు ఇంకా ఒరుగుతుంది. తలుపు నా నెత్తి మీదికి వచ్చింది. అయిపోయిందనుకున్న. అప్పుడు నాకు నువ్వు గుర్తుకు రాలే. క్షమించు. నా శవానికి పసుపు రాసి, చీర కట్టి, శారదా అని ఏడుస్తరు కదా అన్నదొక్కటే వచ్చింది. నన్ను ఒక్కడు కూడా చూడకుండనే పోతున్న కదా అని. చావుకన్న దానికే భయపడ్డ. పైకి పాకి బయట పడ్డంక, రోడ్డు మీద వానల కూసొని మోయిజ్‌కు ఫోన్ చేసిన. హైదరాబాద్ డాక్టరు దగ్గరికి ఆయనే తోలుకపోయిండు. నువ్వు నెల తప్పినవని చెప్పేసరికి మొదటి ఇంజెక్షన్ అయిపోయింది. ఆపుదామనుకున్న. ఆపలేకపోయిన."

పిల్ల పాలు తాగుతూనే నిద్రపోయింది. సాయిప్రియ దాని పెదవి తుడిచింది. చాలాసేపు దాని ముఖమే చూస్తూ ఉండిపోయింది.

"ఒకటి అడుగుత," అంది చివరికి. "అబద్ధం చెప్పకు. నన్ను కన్నందుకు బాధపడ్డవా?"

లేదు అని గిరి గబుక్కున అనేయొచ్చు. ఆమె అబద్ధం చెప్పొద్దంది.

"మోసినన్నాళ్ళు నా ఒళ్ళు ఎవరిదో అనిపించింది. కిరాయి ఇంట్ల ఉన్నట్టు. అద్దం చూసుకోలే. ఎవరన్న పొట్ట మీద చెయ్యి పెడితే పారిపోబుద్ధయ్యేది." అతను పిల్ల వైపు చూశాడు. "నిన్ను తెచ్చి నా పక్కల పడుకోపెట్టినంక మాత్రం, ఇది నాది అనిపించింది. నా ఒళ్ళు నాది కాదు గానీ నువ్వు నాదానివే. ఆ రెండూ నిజమే. ఒకదాని కోసం ఇంకోదాన్ని కాదనలేను."

సాయిప్రియ కళ్ళ నుంచి నీళ్ళు కారి పిల్ల తువ్వాలు మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

గిరి చెయ్యి చాచి పిల్ల పాదం తాకాడు. ఈసారి ఆమె పక్కకు జరగలేదు.

*

సాయంత్రానికి ముసురు ఇంకా గట్టిపడింది. ఉదయ్ భాస్కర్ వరండాలో ఉండలేక, ఇంట్లో ఉండలేక, రెండుసార్లు కరకట్ట దాకా పోయి నీళ్ళు చూసి వచ్చాడు. వచ్చినప్పుడల్లా గది గుమ్మంలో నిలబడి భార్య ముఖం చూసి పోతున్నాడు.

మూడోసారి లోపలికి వచ్చాడు. "ఇప్పుడు బయల్దేరితే చీకటి పడకముందే పాల్వంచ దాటుతం," అన్నాడు. "ఏం చేద్దామంటవ్?"

సాయిప్రియ అతనికి చెప్పలేదు. గిరి వైపు తిరిగింది.

"ఉయ్యాల రోజు ఒక్కరోజు," అంది. "ఒక్కటే రోజు చీర కట్టుకో. విగ్గు పెట్టుకుందువు. గొంతు బాగలేదని మాట్లాడకు. మా అత్తయ్యోళ్ళు వచ్చి పోయేదాకా నా పక్కన అమ్మ లెక్క కూసో. తర్వాత నీ ఇష్టం. నేను ఒక్క మాట అనను. ఎవరేమన్నా నీ వైపే నిలబడత. ఈ ఒక్కటి, అమ్మా."

వంటింటి గుమ్మంలో బుల్లెమ్మ చెవులు రిక్కించి నిలబడింది. ఉదయ్ భాస్కర్ ముఖం తేటపడింది. ఎంత సులువైన దారి ఇది, ఎందుకు తట్టలేదు అన్నట్టు తల ఊపాడు.

గిరి కూతురి ముఖం చూశాడు. ఉబ్బిన కళ్ళు, చెదిరిన జుట్టు, పచ్చి బాలింత. ఈ ముఖం అడిగితే ఇన్నేళ్ళలో ఏనాడూ కాదనలేదు. ఇవ్వడం చాలా తేలిక. బీరువా తెరిస్తే చాలు. అది తేలికని తెలిసేకొద్దీ అతనికి భయం ముదురుతోంది.

"కట్టుకోను ప్రియా," అన్నాడు.

"ఒక్కరోజే కదా!"

"ఒక్కరోజు అన్న ప్రతిసారి ఏళ్ళు పోయినయ్. నాకింక అన్ని లేవు."

"అంటే నాకన్న ఆ చొక్కా ఎక్కువా నీకు?"

గిరి ఏది అన్నా తప్పే అవుతుంది. చేతిలో ఉన్న గుడ్డను బకెట్‌లో వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. బుల్లెమ్మ, "పచ్చి బాలింతను ఏడిపిస్తవా? రాయివా నువ్వు?" అంది. ఉదయ్ భాస్కర్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"లే ప్రియా. పోదాం."

సాయిప్రియ లేవలేదు. పోనని కూడా అనలేదు. పిల్ల బరువు ఒక చేతి మీది నుంచి ఇంకో చేతి మీదికి మార్చుకుంది.

మంచం మీద ఆమె ఫోన్ మోగింది.

చేతులు ఖాళీ లేక మునివేలితో స్పీకర్ నొక్కింది. ఖమ్మం నుంచి అత్తగారు. జ్వరం తగ్గిందట. పిల్ల తాగుతోందా, దారిలో వాన పడిందా, అన్నం తిన్నావా అని వరసగా అడిగింది. సాయిప్రియ ఊఁ, ఆఁ అంటోంది.

"మీ అమ్మకియ్యమ్మా ఫోను. ఉయ్యాల రోజు సంగతి మాట్లాడాలె. ఎంతమందిమి వస్తున్నమో చెప్తే ఆమెకూ వీలుగ ఉంటది కదా."

ఉదయ్ భాస్కర్ రెండు చేతులతో వద్దు వద్దని సైగ చేశాడు. స్నానం చేస్తోందని చెప్పు అని పెదవులతో చెప్పాడు. బుల్లెమ్మ గోడ పట్టుకుని కిందికి కూలబడింది.

సాయిప్రియ గిరి వైపు చూసింది. ఆ చూపులో కోపమే ఉందో, పరీక్షే ఉందో, ఇంకేముందో అతనికి తెలియలేదు. మోచేత్తో ఫోన్‌ను మంచం అంచు దాకా, అతని ముందుకు జరిపింది.

"వదినగారూ? వింటున్నరా?"

"వింటున్న," అన్నాడు గిరి.

అవతలి గొంతు అనుమానంగా మారింది. "ఎవరండీ మాట్లాడేది?"

నాన్న అనడానికి లేదు. ఆ మాట వెంకటరామారావుది, దాన్ని గిరి తీసుకోడు. అమ్మ అనడానికీ లేదు. అంటే మళ్ళీ మొదటికే వస్తుంది. గదిలో ముగ్గురూ అతని నోటి వైపే చూస్తున్నారు. ఫోన్ కట్ చేయడానికి ఉదయ్ భాస్కర్ చెయ్యి చాచాడు. సాయిప్రియ పిల్లను పట్టుకున్న చేత్తోనే ఆ చేతిని ఆపింది.

గిరి వీపు నిటారు చేసుకున్నాడు.

"సాయిప్రియను కన్నవాణ్ణి," అన్నాడు.

ఖమ్మంలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఫోన్లోంచి స్పష్టంగా వినిపిస్తోంది. అవతలి మనిషి ఏమీ అనలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.